జానెడు వంపు

సోమవారం. వంపు: వేలెడు.

అట్టు ఒక పక్కకి జారింది. పెనం మధ్యలో పిండి పోసి గరిటె తిప్పుతుంటే తూర్పు వైపు పల్చగా, పడమటి వైపు దళసరిగా వచ్చింది. నా చేతి తప్పేమోనని రెండోది పోశాను. అదీ అంతే. మూడో అట్టుకి అర్థమైంది, వంకర నా చేతిలో లేదు, ఇంట్లో ఉంది.

గుమ్మం దగ్గరికి వెళ్ళి చూశాను. మా వాడలో ప్రతి తేలింటికీ గుమ్మానికి ఒక పక్క నిమ్మకాయా మిరపకాయలూ వేలాడతాయి, ఇంకో పక్క దారానికి కట్టిన ఇత్తడి గుండు వేలాడుతుంది. ఒకటి దిష్టికి, ఒకటి వంపుకి. గుండు తన గీత మీద లేదు. పడమటికి వేలెడు జరిగి ఉంది.

ఇంట్లో తేడా వస్తే పెట్టెలోని ఈ దినచర్యలో రాయాలని వాడ నియమం. ఎవరు చదువుతారో దేవుడికే తెలియాలి. రాయమన్నారు కాబట్టి నాకు తోచినట్టు రాస్తాను, తరవాత వంకలు పెట్టకండి.

మా ఇల్లు నాలుగు పీపాల మీద తేలుతుంది. ఏ పీపాలో నీరు ఊరినా దాని పంపు తోడి పారబోస్తుంది. ఏ పంపు ఎప్పుడు తిరగాలో చెప్పేది పెట్టె, అంటే ఇంటి కంప్యూటరు. దీపాలు, తలుపులు, వేణ్ణీళ్ళు, కబుర్లు అన్నీ దాని పెత్తనమే. పంపుల్ని నడిపే ప్రోగ్రామ్ మాత్రం మా ఆయన తారకం గారు రాసింది. ఇళ్ళు కట్టిన జలనివాస సంస్థ ఇచ్చిన ప్రోగ్రామ్ కొరగానిదని స్వయంగా కూర్చుని రాశారు. ఆయన పోయి నాలుగేళ్ళు. రోజూ తెల్లారేసరికి కింద పంపు గుడగుడమంటుంది. "అదుగో, మీ తమ్ముడు లేచారు" అంటాను మా వదినతో. ఇవాళ ఆ గుడగుడ లేదు. పిండి హడావుడిలో పడి నేను గమనించుకోలేదు.

పెట్టె తెర మీద ఎర్ర అక్షరాలు కనిపించాయి. "అనుమానిత ప్రోగ్రామ్‌ను పట్టి బంధించాను. కర్త తెలియదు. మీ ఇల్లు క్షేమం. ఇట్లు, సర్వరక్ష."

క్షేమమట. పక్కకి ఒరిగిపోతూ క్షేమం.

సర్వరక్ష మా ఇంటి యాంటీవైరస్. గృహప్రవేశానికి మా వదిన మాణిక్యాంబ గారు చదివించిన రక్ష అది. కొత్తింటి పెట్టెకి ఆడపడుచు రక్ష కట్టాలని మా వాడలో ఆనవాయితీ. పెట్టెతో పాటు పుట్టిన కావలి ఒకటి లోపల ఉంటుంది గానీ దాన్ని ఎవరూ లెక్కచేయరు, ఊరికే వచ్చింది ఏం కాస్తుందిలే అని. ఆడపడుచు కట్టిన రక్షని ఆడపడుచే విప్పాలి. ఇంకొకరు విప్పితే ఆ గడపతో ఆమెకి రుణం తెంపేసినట్టే.

బంధించినవాటి జాబితా తెరిచి "విడిచిపెట్టు" నొక్కాను. కింద పంపు గుడగుడలాడింది. హమ్మయ్య అనుకునేలోగా ఆగిపోయింది. మళ్ళీ పట్టేసుకుంది.

"ఆ పెట్టెకి కాస్త పసుపు పెట్టవే తాయారూ," అంది వదిన మంచం మీంచి.

"పంపు ఆగిపోతే పసుపేం చేస్తుంది వదినా?"

ఆవిడ అటు తిరిగి పడుకుంది. ఈ అలక దసరా నాటిది. గోదావరి లంకలు మునగకముందు ఆవిడ కాలవ లాకుల దగ్గర పంపుహౌస్‌లో పనిచేసింది. అప్పటి అలవాటు కొద్దీ ఏటా ఆయుధపూజకి మా పెట్టెకి పసుపూ కుంకుమా పెట్టి, గది తలుపు వేసుకుని, ఏదో స్తోత్రం గొణుక్కుంటూ పూటంతా కూర్చునేది. ఆ కుంకుమంతా పెట్టె గాలికన్నాల్లో పడేది. పుల్లకి దూది చుట్టి తుడవలేక నా ప్రాణం పోయేది. ఈ ఏడు పూజ వద్దని ఖండితంగా చెప్పేశాను. అప్పట్నించీ నాతో ముక్తసరి మాటలే.

మంగళవారం. వంపు: రెండు వేళ్ళు.

పెట్టె ఆపి మళ్ళీ వెలిగించాను. లోకంలో అందరికీ తెలిసిన వైద్యం అదొక్కటే. వెలగగానే మళ్ళీ అదే ఎర్ర అక్షరాలు. కర్త తెలియదట. నా మొగుడు నీకు తెలియకపోతే నాకు తెలుసు కదా అని దాని మొహాన అన్నాను. యంత్రానికి చెబితే ఎక్కుతుందా.

సర్వరక్షని కాసేపు ఆపుదామని దాని అమరికల్లోకి వెళితే, "కట్టినవారి గుర్తుమాట చెప్పండి" అంది. కట్టినవారు గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నారు. మీ రక్ష విప్పండి వదినా అని అడగడానికి నాకు నోరు రాలేదు. తమ్ముడు లేడు, ఇంక ఈ గడప కూడా లేదని చెప్పినట్టుంటుంది.

వేరే దారి పట్టాను. పెట్టెలో ఉన్న కావలిని లేపితే ఆ పెత్తనం అది తీసుకుంటుంది, సర్వరక్ష తనంతట తనే పక్కకి తప్పుకుంటుంది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు కదా. కావలి అమరికలు తెరిచాను. మీటలన్నీ బూడిద రంగులో ఉన్నాయి. ఏది నొక్కినా కదలదు. కింద చిన్న అక్షరాల్లో, "ఈ అమరిక మీ సంస్థ ఆధీనంలో ఉంది."

మా సంస్థ. ఇళ్ళు కట్టి, గొలుసులు బిగించి, జెండా ఎగరేసి, దివాలా తీసి ఎప్పుడో జెండా ఎత్తేసిన సంస్థ. దాని ఆఫీసులో ఇప్పుడు ఉప్పుచేపలు ఎండబెడుతున్నారు. అయినా దాని నంబరుకి చేశాను. మోగింది. "మీ కాల్ మాకు ఎంతో విలువైనది" అంది ఓ ఆడగొంతు. మధ్యాహ్నం గిన్నెలన్నీ తోముకునేదాకా ఆ విలువ అలాగే వింటూ ఉన్నాను.

సాయంత్రానికి గోంగూర తొట్లు జారి గోడకి చేరాయి. వాననీళ్ళ బాన కింద ఇటుక ముక్క దోపాను. వదిన మంచం కోళ్ళ కింద కూడా పీటలు పెట్టాను. ఆవిడ కాళ్ళు ఎత్తి కూర్చుంది.

బుధవారం. వంపు: మూడు వేళ్ళు దాటింది.

పక్కింటి కనకం వచ్చింది. మా వంపు వల్ల వాళ్ళింటి గొలుసు కూడా కీచుమంటోందట. నెమ్మదస్తురాలు, ఆ మాట నవ్వుతూనే చెప్పింది.

"ఒక్క రక్షతో ఏమవుతుంది పిన్నీ? మా పెట్టెకి మూడున్నాయి. మా తోటికోడలి పెట్టెకి నాలుగు. ఇదిగో, మహాకవచం. మా అన్నయ్య తెచ్చాడు, చాలా శక్తిగలదంట."

తాయెత్తు కట్టుకున్న చేతికే ఇంకో తాయెత్తు కట్టే జాతి మనది. వద్దనాల్సింది. అలసిపోయి ఉన్నాను, సరే కానీ అన్నాను.

మహాకవచం లోపలికి వెళ్ళీ వెళ్ళగానే సర్వరక్షని దొంగ అంది. సర్వరక్ష మహాకవచాన్ని దొంగ అంది. నిద్రపోతున్న కావలికి ఇప్పుడు మెలకువ వచ్చి, ఇద్దరూ దొంగలేనని గంట మోగించడం మొదలుపెట్టింది. పెట్టె వేడెక్కి మూలిగింది. వేణ్ణీళ్ళు రాలేదు. వీధి తలుపు తెరుచుకోమంటే, "మీ అభ్యర్థనను పరీక్షిస్తున్నాను" అని ఊరుకుంది. కనకం మా ఇంట్లో ఇరుక్కుపోయింది. చివరికి వంటింటి కిటికీలోంచి వాళ్ళ పడవలోకి దింపాను.

"ఏమనుకోకు పిన్నీ," అంది పడవలోంచి.

"అనుకోవడానికి ఓపికుంటే కదమ్మా," అన్నాను.

మహాకవచాన్ని తీసేయడానికి సాయంత్రం దాకా పట్టింది. నిజంగా వెళ్ళిపొమ్మంటారా అని ఒకసారి, ఎందుకు పొమ్మంటున్నారో కారణం చెప్పండి అని ఒకసారి, పోనీ కొన్నాళ్ళు ఉండి చూడనా అని ఒకసారి. బండి వచ్చి గుమ్మంలో నిలబడినా కదలని చుట్టంలా తయారైంది.

"పసుపు పెట్టవే అంటే వినవు," అంది వదిన.

బియ్యం కడగడానికి వంటింట్లోకి వెళ్ళిపోయాను. అక్కడే ఉంటే మాట తూలేదాన్ని.

గురువారం. వంపు: బెత్తెడు.

పొద్దున్నించీ చేతిపంపు కొట్టాను. పడమటి మూల పలక ఎత్తితే చేతిపంపు ఉంటుంది, ఏ తేలింటికైనా. ఎప్పుడో గాని వాడం కాబట్టి పిడి తుప్పు పట్టి ఉంది. నేను తోడినంత సేపు గుండు కదలదు, అన్నం తినడానికి లేస్తే మళ్ళీ జరుగుతుంది. అరచేతులు బొబ్బలెక్కాయి. ఈ మాటలు ఒక్కో అక్షరం వేలి కొనతో నొక్కి రాస్తున్నాను.

మధ్యాహ్నం గొలుసు మేస్త్రీ అబ్బులు పడవ కట్టి లోపలికి వచ్చాడు. ఇళ్ళన్నిటినీ ఒకదానికొకటి బిగించి ఉంచే గొలుసుల బాధ్యత అతనిది. మంచినీళ్ళు తాగి, గుమ్మంలో గుండు వైపు చాలాసేపు చూశాడు.

"వాయుగుండం శనివారం సాయంత్రానికి మన మీదకొస్తాదంటున్నారండి అక్కగారూ."

"విన్నాను."

"జానెడు దాటితే గొలుసు విప్పెయ్యాలండి. రూలు నాది కాదు. వంగిన ఇల్లు గాలికి లాగిందంటే పక్కిళ్ళని కూడా లాక్కుపోద్ది. రేపు సాయంత్రం కొలతకొస్తాను. ఈలోగా ఎలాగో నిలబెట్టండి."

"నిలబడకపోతే?"

"మిమ్మల్నీ పెద్దమ్మగారినీ బార్జీ మీదకి చేరుస్తానండి. సామాన్లు పట్టినంత పట్టుకెళ్దాం. ఆయ్, ఇల్లు మటుకు..." అని తల గోక్కున్నాడు.

ఇల్లు మటుకు సముద్రం పాలు. అతను అనలేదు, నాకు తెలుసు. పోయినేడు కొసింటి వాళ్ళ గొలుసు విప్పినప్పుడు మేమందరం గుమ్మాల్లో నిలబడి చూశాం. వాకిట్లో తులసికోటతో సహా నెమ్మదిగా వెళ్ళిపోయింది. ఆ ఇంటావిడ ఇప్పటికీ ఇల్లు పోయినవాళ్ళని ఉంచే ఆ బార్జీ హాల్లో చాప మీదే ఉంటుంది, దుప్పటి అడ్డం కట్టుకుని.

అబ్బులు వెళ్ళాక ఇంక ఆపుకోలేకపోయాను. మంచం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

"మీ రక్షే ఇదంతా చేసింది వదినా. కంచే చేను మేసినట్టు, మీ తమ్ముడు చేత్తో రాసినదాన్నే పట్టి కట్టేసింది. గుర్తుమాట చెప్పండి, దాన్ని తీసేస్తాను. మీరేమనుకున్నా సరే."

"విప్పను," అంది.

"ఇల్లు పోతుంది వదినా."

"విప్పితే అసలుకే పోద్ది. నీకు తెలీదు."

"తెలీదు. నాకేమీ తెలీదు. మీ పుట్టింటి రుణం కోసం నా ఇల్లు ముంచండి."

ఆవిడ కళ్ళు మూసుకుంది. నేను వెళ్ళి మళ్ళీ పంపు పిడి పట్టుకున్నాను. బొబ్బలు చిట్లాయి. ఏడుపొచ్చింది, ఏడ్చాను, కొడుతూనే ఏడ్చాను.

శుక్రవారం. వంపు: జానెడుకి వేలెడు తక్కువ.

మధ్యాహ్నానికి నా చేతులు పిడి మీద నిలవడం మానేశాయి. గోడకి చేరగిలబడి సామాన్ల మూట కట్టడం మొదలుపెట్టాను. మా ఆయన కళ్ళద్దాలు, ఇత్తడి గిన్నెలు, పెనం. వెనకాల గోడ మీద చెయ్యి రాసుకుంటున్న చప్పుడైంది. వదిన లేచింది. ఎన్నాళ్ళుగానో స్నానానికి తప్ప మంచం దిగని మనిషి, ఒరిగిపోయిన నేల మీద ఒక చేత్తో గోడ పట్టుకుని, ఇంకో చేత్తో పసుపు కుంకుమల పళ్ళెం పట్టుకుని వస్తోంది.

"పీట వెయ్యి," అంది.

ఆ పిచ్చి తీరనీ, వెళ్ళిపోయే ఇల్లే కదా అనుకుని పెట్టె ముందు పీట వేశాను. కూర్చుని, పసుపు తడిపి పెట్టెకి రాసి, బొట్టు పెట్టింది. తరవాత తలుపు వేసుకోలేదు, నన్ను బయటికి పొమ్మనలేదు.

"మాణిక్యాన్ని. వచ్చాను," అంది పెట్టెతో.

"గుర్తుమాట?" అంది సర్వరక్ష.

ఆవిడ స్తోత్రం మొదలుపెట్టింది. ఏటా తలుపు వెనకనించి వినిపించేదే. దగ్గర కూర్చుని వింటే అది స్తోత్రం కాదు. బొబ్బర్లంక, లొల్ల, పలివెల... ఆవిడ ఉద్యోగం చేసిన కాలవ మీది లాకుల పేర్లు, వరసగా. అన్నీ ఇప్పుడు మా పీపాల కింద నీళ్ళలో ఉన్నాయి.

తెర మీద నేను ఎన్నడూ చూడని పేజీ తెరుచుకుంది. "మినహాయింపు గడువు ముగిసినది: ఒకటి."

"ఏటా దసరాకి దీన్ని పొడిగించాలి," అంది వదిన తెర మీంచి చూపు తిప్పకుండా. "పొడిగించకపోతే ఇంకో నెల చూసి పట్టేసుకుంటాది. రక్ష తీసేస్తే అది బంధించినవన్నీ దాంతోపాటే చెరిగిపోతాయి. అంచేత విప్పనన్నాను."

"ఇన్నాళ్ళూ తలుపేసుకుని మీరు చేసింది ఇదా? ఆ సంగతి సోమవారమే చెప్పొచ్చు కదా."

"చెప్తే ఎంచేత ఏటా పొడిగించాలని అడుగుతావు."

"ఎంచేత?"

ఆవిడ కాసేపు కుంకుమ భరిణె మూత తిప్పుతూ ఉంది.

"ఎవరు రాశారో పేరు చెప్తే అది ఎప్పటికీ వదిలేస్తాది. చెప్పకపోతే ఏడాదికే. నేను చెప్పేదాన్ని కాదు." ఆగి, "వాడు రాసింది వానల దాకానే పనిచేసింది తాయారూ. వాన పడితే బయటికి తోడాల్సిన నీళ్ళు లోపలికి తోడేది. వాడు మంచాన పడే ముందు దాంతోనే తల పట్టుకున్నాడు. వాడు పోయిన ఏడు, నువ్వు పదోరోజు పనుల్లో ఉండగా, పడమటి మూల మునిగింది. అప్పుడు కూకుని మొత్తం మళ్ళీ రాశాను. పంపులతో బతికినదాన్ని, నాకదో లెక్క కాదు. మర్నాడు పొద్దున పంపు తిరిగితే నువ్వు పరిగెత్తుకొచ్చి, మీ తమ్ముడు లేచారు వదినా అన్నావు. అన్ని రోజుల్లో నువ్వు నవ్వడం అదే. ఇంకేం చెప్పను?"

నాకు ముందు వచ్చింది కోపం. నాలుగేళ్ళు ఆ గుడగుడ విని మురిసిపోయాను, పండక్కి పంపు మూతకి పూలు పెట్టాను. అవన్నీ ఎవరికి పెట్టాను? తరవాత దసరా నాడు నేనన్న మాటలు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. కుంకుమ తుడవలేక చస్తున్నాను, మీ చాదస్తం మీరూ అన్నాను. ఆవిడ మంచంలో ఎలా పడుకుందో గుర్తొచ్చింది. సిగ్గేసింది.

తెర అడుగుతోంది. "ఈ ప్రోగ్రామ్ కర్త పేరు చెబుతారా, లేక ఏడాది మినహాయింపా?"

"ఏడాదికి అను," అంది వదిన. "పూజ ముందు కూకుని వాడి పేరు అబద్ధం చెప్పలేను. నా పేరు చెప్పి నీ..."

"మాణిక్యాంబ," అన్నాను నేను పెట్టెతో. "రాసింది మా వదిన మాణిక్యాంబ గారు."

"గుర్తుంచుకున్నాను. ఇక అడగను," అంది సర్వరక్ష.

కింద పంపు గుడగుడమంది. ఇద్దరం ఊపిరి బిగబట్టి విన్నాం. ఆగలేదు.

అబ్బులు సాయంత్రం వచ్చేసరికి గుండు బెత్తెడులోకి తిరిగింది. గొలుసు మీద చెయ్యి వేసి ఊపి చూసి, "ఆయ్, బతికించారండి" అని మరో ఇంటికి పడవ తోసుకుపోయాడు.

వదినని మంచం మీదకి చేరుస్తుంటే అంది, "అయితే ఇంక దసరాకి పెట్టెకి పసుపు అక్కర్లేదన్నమాట."

"ఎందుకక్కర్లేదు? మీరు పెట్టండి. కన్నాలు నేను తుడుచుకుంటాను."

"వెధవ కుంకుమ, పట్టుకుంటే వదలదు," అంది ఆవిడ.

ఆదివారం. వంపు: లేదు.

గాలి నిన్న సాయంత్రం పట్టుకుని ఇవాళ తెల్లారగట్ల వదిలింది. రెండు తొట్ల గోంగూర పోయింది, కనకం వాళ్ళ వంటింటి రేకు మా వాకిట్లో పడింది. ఇళ్ళన్నీ ఉన్నాయి.

తెల్లారి పొయ్యి వెలిగించి పెనం పెట్టాను. కింద పంపు మొదలైంది. నాలుగేళ్ళ అలవాటు, మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసి పిండి కలుపుకుంటూ ఉన్నాను.

"ఏవే, పంపు తిరుగుతోంది," అంది వదిన మంచం మీంచి.

"వింటున్నాను వదినా."

"అయితే అనవేం?"

"ఏమనమంటారు? అది మీ పని అని తెలిశాక..."

"తెలిస్తే తెలిసింది. పొద్దున్నే వాడి ఊసెత్తేది ఈ ఇంట్లో నువ్వొక్కదానివే. ఆ మాట వింటేనే గాని నాకు తెల్లారదు. అను."

అట్టు పోసి, గరిటె తిప్పాను. గుండ్రంగా వచ్చింది.

"అదుగో వదినా," అన్నాను. "మీ తమ్ముడు లేచారు."

"లేచాడా," అంది వదిన. "మరైతే వాడికీ ఒకటి పొయ్యి."